అదే బ్యారెల్, వేరే తూటా: మాగ్నమ్ రైఫిళ్లలో ఛాంబర్ మార్పిడి

రైఫిల్ బ్యారెల్‌ను తీసివేయకుండా, దాని వెనుక కొసన తూటా కూర్చునే గదిని మాత్రమే తిరిగి తొలిచి, ఆ ఆయుధాన్ని మరొక తూటాకు అనువుగా మలచడాన్ని ఛాంబర్ మార్పిడి అంటారు. ఆయుధ పరిభాషలో దీనికి రీఛాంబరింగ్ అని పేరు. అమెరికా, ఐరోపా, దక్షిణాఫ్రికాలలో వేట రైఫిళ్ల విషయంలో దశాబ్దాలుగా ఇది సాగుతున్నది. భారతదేశంలో అందుకు తగిన లైసెన్సు లేనివారు ఈ పని చేయడం తీవ్రమైన నేరం. పైకి చూస్తే రైఫిల్‌లో ఏ మార్పూ కనిపించదు. లోపల మాత్రం అది వేరే ఆయుధమై ఉంటుంది. ఈ ప్రక్రియలోని సౌలభ్యమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

విషయం బోధపడాలంటే ముందు తూటా నిర్మాణం తెలియాలి. తూటా అంటే బుల్లెట్ ఒక్కటే కాదు. మందు నింపిన ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, మూతి వద్ద బిగించిన బుల్లెట్ — ఈ మొత్తం కలిపి తూటా. తొడుగు వెడల్పైన భాగాన్ని ఒళ్లు అనీ, అది సన్నబడే చోటును భుజం అనీ, బుల్లెట్‌ను పట్టి ఉంచే భాగాన్ని మెడ అనీ పిలుస్తారు. ఛాంబర్ అనేది ఈ ఆకారానికి సరిగ్గా సరిపోయేలా బ్యారెల్‌లో తొలిచిన అచ్చు వంటిది. ఛాంబర్ ముగిసిన చోట గొంతు అనే చిన్న భాగం, దాని తరువాత మెలితిరిగిన గాళ్లతో కూడిన అసలు బ్యారెల్ ఉంటాయి. మందు అంటుకున్నప్పుడు తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడలను అదుముకుంటుంది. ఆ క్షణంలో వెనుకకు వాయువు జారకుండా ఆపేది ఆ పలుచని ఇత్తడి పొరే. మాగ్నమ్ తూటాలలో పీడనం 4,000 బార్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త అటూఇటూ.

మాగ్నమ్ అన్న మాటకు కచ్చితమైన సాంకేతిక నిర్వచనం లేదు. లాటిన్‌లో పెద్దది అని అర్థం; పెద్ద ద్రాక్షసారా సీసాకు వాడుకలో ఉన్న పేరును బ్రిటిష్ తుపాకీ తయారీదారులు తూటాలకు పెట్టారు. అదే బుల్లెట్‌ను మామూలు తూటా కంటే ఎక్కువ మందుతో, ఎక్కువ వేగంతో పంపేది మాగ్నమ్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. వ్యాపార ప్రకటనలకు ఈ పేరు ఎంతగా ఉపయోగపడిందో శాస్త్రానికి అంతగా ఉపయోగపడలేదు.

నడుముకు పట్టీ కట్టిన తూటాలు

నేటి మాగ్నమ్ తూటాలలో అధికభాగానికి మూలం లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో విడుదల చేసిన .375 తూటా. 1925లో అదే వంశంలో .300 వచ్చింది. ఆ కాలంలో మందుగా వాడిన కార్డైట్ పొడవాటి దారాల రూపంలో ఉండేది. ఉష్ణదేశాల ఎండలో పీడనం పెరిగి, పేలిన తొడుగు ఛాంబర్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉండటంతో తొడుగును అడుగు నుంచి మూతి దాకా క్రమంగా సన్నబడేలా రూపొందించారు. అటువంటి ఏటవాలు తొడుగుకు భుజం నామమాత్రమే. మరి తూటా ఛాంబర్‌లోకి ఎంత లోతుకు వెళ్లి ఆగాలో నిర్ణయించేది ఏది? అందుకోసం తొడుగు అడుగుభాగంలో ఇత్తడి పట్టీ వంటి ఉబ్బెత్తు కట్టు పెట్టారు. ఆ పట్టీ ఛాంబర్ అంచుకు తగిలి తూటా ఆగుతుంది.

ఛాంబర్ మార్పిడి చరిత్రను నడిపించింది ఈ పట్టీయే అనవచ్చు. తరువాతి కాలంలో అమెరికాలో వచ్చిన .300 వెదర్బీ, .458 విన్‌చెస్టర్, .338 విన్‌చెస్టర్, 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటాలన్నీ అదే అడుగు కొలతను, అదే పట్టీని స్వీకరించాయి. అడుగు అంచు వ్యాసం అన్నిటికీ సుమారు 13.5 మిల్లీమీటర్లే. అంటే తూటాను వెనుక నుంచి పట్టి ఉంచే బోల్ట్ ముఖాన్ని ముట్టుకోనవసరం లేకుండానే ఈ కుటుంబంలో ఒక తూటా నుంచి మరో తూటాకు మారే వీలు ఏర్పడింది. పేలుడు శక్తి బోల్ట్‌ను వెనుకకు నెట్టే బలం పీడనంపైనా, తొడుగు అడుగు వైశాల్యంపైనా ఆధారపడుతుంది కాబట్టి, ఒకే అడుగు ఉన్న తూటాల మధ్య, పీడనం కూడా సమానమైతే, ఆ బలం కూడా పెద్దగా మారదు.

ఈ కుటుంబం దాటితే కథ వేరు. .375 హాలండ్, .378 వెదర్బీ రెండూ ఒకే వ్యాసం గల బుల్లెట్‌ను వాడతాయి. పేర్లు కూడా పక్కపక్కనే ఉంటాయి. కాని రెండవదాని అడుగు చాలా పెద్దది. దానికోసం బోల్ట్ ముఖాన్నీ, మ్యాగజైన్‌నూ, ఛాంబర్ గోడల మందాన్నీ అన్నిటినీ తిరగరాయాలి. అంత శ్రమ పడే బదులు కొత్త రైఫిల్ కొనడం చౌక.

తీయడమే కాని కలపడం లేదు

ఛాంబర్ మార్పిడికి ఆధారమైన నియమం ఒక్కటే: ఉక్కును తొలిచి తీసివేయవచ్చు, తిరిగి అతికించలేము. కొత్త తూటా ప్రతి చోటా పాతదానికంటే పెద్దదిగానో, కనీసం సమానంగానో ఉండాలి. పొడవులో పెద్దదై, భుజం వద్ద చిన్నదైతే పాత ఛాంబర్‌లోని కొంత భాగం కొత్త తూటా చుట్టూ ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీలోకి ఇత్తడి ఉబ్బి చీలుతుంది. కనుక .300 విన్‌చెస్టర్ నుంచి .300 వెదర్బీకి వెళ్లడం సాధ్యమే కాని, వెనుకకు రావడం సాధ్యం కాదు. రావాలంటే బ్యారెల్ వెనుక కొసను కొంత కోసివేసి, మరలు మళ్లీ కోసి, పాత ఛాంబర్ ఆనవాలు లేకుండా చేసి, కొత్తగా తొలచాలి. అది మార్పిడి కాదు, దాదాపు కొత్త బ్యారెల్ పనే.

రెండవ షరతు బుల్లెట్ వ్యాసం. ఛాంబర్ మారినా బ్యారెల్ లోపలి గాళ్లు మారవు కాబట్టి కొత్త తూటా బుల్లెట్ కూడా అదే కొలతలో ఉండాలి. ఇక్కడ పేర్లు మోసం చేస్తాయి. .300 పేరుగల తూటాల బుల్లెట్ వ్యాసం నిజానికి .308 అంగుళాలు. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ .275 రిగ్బీ, అది జర్మన్ 7×57 మౌజర్ తూటాకు లండన్ సంస్థ పెట్టిన పేరు, బుల్లెట్ వ్యాసం.284 అంగుళాలు. బ్రిటిష్ సైన్యపు .303 రైఫిల్ బుల్లెట్ .311. బ్యారెల్‌పై చెక్కిన అంకెను చదివి కొలతను ఊహించడం ఈ రంగంలో ఎంత ప్రమాదకరమో ఈ ఉదాహరణలే చెబుతాయి.

భారతీయులకు తెలిసిన మరో ఉదాహరణ ఇషాపూర్ రైఫిల్. 1962 చైనా యుద్ధం తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం లీ ఎన్‌ఫీల్డ్ నమూనాలో 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాకు 2ఏ రైఫిల్‌ను తయారుచేసింది. పాత .303 రైఫిళ్లకే ఛాంబర్ మార్చి వాటిని రూపొందించారన్న అపోహ ఇప్పటికీ వినిపిస్తుంది. .303 బ్యారెల్ కొత్త బుల్లెట్‌కు వదులు. కొత్త తూటా పీడనమూ ఎక్కువ. అందుకే వాటిని మరింత దృఢమైన ఉక్కుతో, కొత్త బ్యారెళ్లతో సరికొత్తగానే తయారుచేశారు.

వెదర్బీ నుంచి లాట్ దాకా

మాగ్నమ్ ఛాంబర్ మార్పిడిని జనబాహుళ్యంలోకి తెచ్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన రాయ్ వెదర్బీ. 1944లో ఆయన .300 హాలండ్ తొడుగును తీసుకొని, దాని ఏటవాలును తగ్గించి గోడలను దాదాపు నిటారుగా నిలిపి, భుజాన్ని గుండ్రంగా తీర్చాడు. అడుగు అదే, పట్టీ అదే, పొడవూ ఇంచుమించు అదే. లోపల మందు పట్టే చోటు మాత్రం పెరిగింది. కార్డైట్ కాలం చెల్లి, గింజల రూపంలోని ఆధునిక మందు వచ్చాక ఏటవాలు తొడుగు అవసరమూ తీరింది. దీంతో .300 హాలండ్ రైఫిల్ ఉన్నవారు ఛాంబర్‌ను కొద్దిగా తొలిపించుకుంటే కొత్త తూటా వాడుకోగలిగారు. పాత .300 హాలండ్ తూటాలను కూడా ఆ ఛాంబర్‌లో పేల్చవచ్చు. పట్టీ ఆపుతుంది కాబట్టి తూటా సరైన చోటే నిలుస్తుంది. పేలిన తొడుగు మాత్రం కొత్త ఛాంబర్ ఆకారంలోకి ఉబ్బి బయటకు వస్తుంది.

అన్నిటిలోకి స్పష్టమైన ఉదాహరణ, ప్రాణావసరం నుంచి పుట్టినది, .458 లాట్. ఆఫ్రికాలో ఏనుగు, అడవి దున్న వంటి ప్రమాదకర జంతువుల వేటకు బ్రిటిష్ వారు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను వాడేవారు. 31 గ్రాముల బుల్లెట్, సెకనుకు సుమారు 655 మీటర్ల వేగం దాని ప్రమాణం. ఆ తూటాకు రెండు గొట్టాల ఖరీదైన రైఫిళ్లు కావాలి. అదే బలాన్ని మామూలు బోల్ట్ రైఫిల్‌లో ఇవ్వాలని విన్‌చెస్టర్ సంస్థ 1956లో .458 మాగ్నమ్‌ను విడుదల చేసింది. తక్కువ ధర వల్ల ఆఫ్రికా అంతటా అది వ్యాపించింది. కాని సాధారణ పొడవున్న రైఫిల్‌లో ఇమడాలని తొడుగును 2.5 అంగుళాలకు, అంటే 63.5 మిల్లీమీటర్లకు కుదించడంతో మందును అందులో గట్టిగా అదిమి నింపవలసి వచ్చింది. అదిమిన మందు కాలక్రమంలో గడ్డకట్టేది. కొన్ని తూటాలు చెప్పిన వేగాన్ని అందుకునేవి కావు. మీదికి వస్తున్న దున్న ముందు నిలిచిన మనిషికి ఆ లోటు కాగితం మీది లెక్క కాదు.

అమెరికన్ వేటగాడు, రచయిత జాక్ లాట్ 1959లో మొజాంబిక్‌లో దున్న దాడికి గురై తీవ్రంగా గాయపడ్డాడు. ఆ అనుభవం నుంచే ఆయన మరింత శక్తిమంతమైన తూటా కోసం అన్వేషణ మొదలుపెట్టాడు. 1971లో రూపుదిద్దుకున్న పరిష్కారం ఆశ్చర్యం కలిగించేంత సరళమైనది: .375 హాలండ్ తొడుగును మూతి దాకా వెడల్పు చేసి, 2.8 అంగుళాలకు కత్తిరించి, అదే .458 బుల్లెట్‌ను అమర్చడం. తొడుగు పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు పెరిగింది, అంతే. 32.4 గ్రాముల బుల్లెట్ సెకనుకు సుమారు 700 మీటర్ల వేగంతో వెళుతుంది. పాత .450 ప్రమాణం కంటే శక్తి దాదాపు ఐదోవంతు ఎక్కువ. మందును అదమవలసిన అవసరమూ తగ్గింది.

విన్‌చెస్టర్ .458 రైఫిల్‌ను లాట్‌కు మార్చడంలో ఛాంబర్ వెనుక భాగాన్ని ముట్టుకోనవసరం లేదు. పట్టీ ఆగే అంచు ఉన్నచోటే ఉంటుంది; ముందు వైపు మాత్రమే కాస్త పొడిగించాలి. అందుకే నిపుణులు దీన్ని ఉన్న మార్పిడులన్నిటిలోకి సులువైనదిగా భావిస్తారు. మారిన రైఫిల్ పాత .458 విన్‌చెస్టర్ తూటాలను కూడా పేలుస్తుంది. దూర ప్రయాణంలో తూటాల పెట్టె తప్పిపోయినా, ఆఫ్రికాలో ఎక్కడైనా దొరికే పాత తూటాతో పని నడుస్తుంది. లాట్ తూటాకు ఆదరణ రావడానికి దాని బలం ఎంత కారణమో ఈ వెసులుబాటూ అంతే కారణం.

సులువైనది అంటే ఛాంబర్ వరకే. లాట్ తూటా మొత్తం పొడవు 91 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది. విన్‌చెస్టర్‌ది 85 లోపు. కురచ మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌లో కొత్త తూటా పట్టదు. మ్యాగజైన్ పెట్టెను పొడిగించి, తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలును వెనుకకు తొలచాలి. మామూలు మౌజర్ రైఫిళ్లలో అలా తొలిచే చోటే బోల్ట్ కొమ్ము ఆనుకునే ఉక్కు ఉంటుంది. అక్కడ ఎక్కువ తీస్తే పేలుడును అడ్డుకునే ఆధారమే పలచబడుతుంది. ఇక పెరిగిన తన్నుకు చెక్క పిడి పగిలిన సందర్భాలు లేకపోలేదు. అందుకోసం పిడిలో అడ్డంగా ఉక్కు మరలు బిగిస్తారు.

మిల్లీమీటరులో పదోవంతు

పని చేసే సాధనం రీమర్. తూటా ఆకారంలోనే, పక్కల పదునైన అంచులతో ఉండే ఉక్కు పనిముట్టు ఇది. బ్యారెల్‌ను రైఫిల్ నుంచి విప్పి, లేత్ యంత్రంపై నడుమ గీత తప్పకుండా బిగించి, రీమర్‌తో కొద్దికొద్దిగా తొలుస్తారు. లోపల క్రోమియం పూత ఉన్న బ్యారెళ్లు ఈ పనికి లొంగవు. నడుమ గీత తప్పితే ఛాంబర్ ఒకవైపు ఒరుగుతుంది, గురి చెడుతుంది.

అన్నిటికంటే కీలకమైనది హెడ్‌స్పేస్. బోల్ట్ ముఖానికీ, తూటాను ఆపే అంచుకూ మధ్య దూరం అది. పట్టీ ఉన్న మాగ్నమ్ తూటాలలో దీనికి అనుమతించే తేడా మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూఇటూ మాత్రమే. తక్కువైతే బోల్ట్ మూతపడదు. అది ప్రమాదం కాదు, ఇబ్బంది. ఎక్కువైతే బోల్ట్ హాయిగా మూతపడుతుంది. కాల్చే మనిషికి తేడా ఏమీ తెలియదు. తొడుగు వెనుకకు సాగి, పట్టీకి పైన ఇత్తడి పలచబడి తెగుతుంది. వేలాది బార్ల పీడనంలోని వాయువు కంటికి అరచేతి దూరంలో బయటపడుతుంది. అందుకే పని ముగిశాక కచ్చితమైన కొలతల ఉక్కు గేజ్‌లతో పరీక్షిస్తారు: ఒక గేజ్‌పై బోల్ట్ మూతపడి తీరాలి, రెండవదానిపై మూతపడకూడదు.

బ్రిటన్‌లో 1868 నాటి చట్టం ప్రకారం, బలం తగ్గే విధంగా మార్చిన తుపాకీని లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ప్రూఫ్ హౌస్‌లో అధిక పీడన తూటాలతో తిరిగి పరీక్షించి ముద్ర వేయించనిదే అమ్మడానికి వీల్లేదు. అమెరికాలో అటువంటి నిర్బంధం లేదు. తయారీదారులు 1926లో స్వచ్ఛందంగా నెలకొల్పుకున్న సామీ అనే సంస్థ కొలతలే ప్రమాణం.

భారతదేశంలో

ఏ తూటాకు ఏ ఛాంబర్ ఉండాలన్నది ఈ ఉపఖండంలో ఇంజనీరింగ్ కంటే పాలనా విషయంగానే ఎక్కువ నడిచింది. 20వ శతాబ్దపు తొలి దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 తూటాల దిగుమతిని భారత్, సూడాన్‌లలో నిషేధించింది. సైన్యపు పాత మార్టిని హెన్రీ రైఫిళ్లకు ఆ బుల్లెట్లు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉపయోగపడతాయన్నది భయం. దానికి లండన్ తయారీదారుల జవాబు .465, .470, .475, .476 వంటి తూటాల వరుస. వేట బలంలో వాటి మధ్య తేడా స్వల్పం. ఆ అంకెలన్నీ ఒక ఆజ్ఞను దాటడానికి పుట్టినవే. పౌరులకు .303 నిషిద్ధం కావడంతో .315 రైఫిల్ వాడుకలోకి వచ్చింది. ఆస్ట్రియాకు చెందిన పాత మాన్లిషర్ తూటాయే దానికి ఆధారం. ఇషాపూర్‌లో తయారైన ఆ రైఫిల్ నేటికీ లైసెన్సుదారుల చేతుల్లో ఉంది. .303, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లు ఇప్పటికీ నిషేధిత కొలతల కిందికే వస్తాయి.

1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలను తయారు చేయడమే కాదు, మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం కూడా నిషిద్ధం. 2019 సవరణ ఆరో సెక్షన్‌ను విస్తరించి, ఆయుధ నియమావళిలోని ఒక వర్గం ఆయుధాన్ని మరో వర్గంలోకి మార్చడాన్నీ అందులో చేర్చింది. ఈ ఉల్లంఘనలకు కనీస శిక్షను ఏడేళ్లకు పెంచింది, గరిష్ఠం యావజ్జీవం. లైసెన్సులో రాసిన బోరు ఒకటి, చేతిలోని ఆయుధపు బోరు మరొకటి అయితే, ఆ ఆయుధానికి లైసెన్సు లేనట్లే.

ఈ చిక్కు ఎక్కువగా ఎదురయ్యేది వారసత్వపు తుపాకుల విషయంలో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. పూర్వపు సంస్థానాల, జమీందారీల కుటుంబాల్లో తాతల కాలపు మాగ్నమ్ రైఫిళ్లు మిగిలాయి. వాటికి తూటాలు దొరకవు. దొరికే తూటాకు తగ్గట్టు ఛాంబర్ తొలిపించుకుంటే పోలేదా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. దేశంలో తేలికగా దొరికే .315, .30-06 తూటాల్లో మొదటిది మాగ్నమ్ బ్యారెల్‌కు బుల్లెట్ కొలతలోనే సరిపోదు. రెండవదాని బుల్లెట్ .300 మాగ్నమ్‌ల బుల్లెట్ కొలతే అయినా తొడుగు చిన్నది. తీసివేసిన ఉక్కు తిరిగి రాదన్న నియమమే అక్కడ అడ్డుపడుతుంది. చట్టం సంగతి అటుంచినా, ఆ మార్పిడి యంత్రం వద్దే ఆగిపోతుంది.

మరోవైపు, గతంలో ఎప్పుడో ఎవరో ఛాంబర్ మార్చి, బ్యారెల్‌పై పాత పేరును అలాగే వదిలేసిన రైఫిళ్లు లేకపోలేదు. విదేశాల్లో చేతులు మారిన ఆయుధాల్లో ఇది తరచూ బయటపడే లోపం. నమ్మకమైన తుపాకీ నిపుణుడు మార్పు చేసిన రోజే కొత్త తూటా పేరును బ్యారెల్‌పై చెక్కుతాడు, పాతదాన్ని కొట్టివేస్తాడు. అలా చేయని రైఫిల్ మూడో తరం చేతికి వచ్చేసరికి, లోపల ఏముందో తెలిసినవారు ఎవరూ మిగలరు. అటువంటి ఆయుధంలో తూటా పెట్టి చూడటం పరీక్ష కాదు. బోల్ట్ మూతపడటం దేనికీ రుజువు కాదని పైన చూశాం. లైసెన్సు ఉన్న నిపుణులు మరిగే నీటికంటే తక్కువ వేడికే కరిగే బిస్మత్ మిశ్రలోహాన్ని ఛాంబర్‌లో పోసి, చల్లారాక అచ్చును బయటకు తీస్తారు. మెడ, భుజం, పట్టీ అంచు అన్నీ ఆ అచ్చుపై స్పష్టంగా పడతాయి. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, ప్రమాణ పట్టికలతో సరిచూశాకే ఆ రైఫిల్ ఏ తూటాకు చెందినదో తేలుతుంది.